నిర్మాణ స్థల నిర్వాహకుల భద్రతా శిక్షణ: మూల్యాంకనానికి సన్నద్ధమయ్యే విధానం

భవనాలు, వంతెనలు, సొరంగాలు, మెట్రో మార్గాల వంటి నిర్మాణ పనులను పర్యవేక్షించే సైటు ఇంజినీర్లు, ప్రాజెక్టు మేనేజర్లు, సూపర్‌వైజర్లు భద్రతా శిక్షణ పొంది, దాని ముగింపులో మూల్యాంకనానికి హాజరు కావడం నేడు పెద్ద నిర్మాణ సంస్థలన్నింటిలో ఆనవాయితీగా మారింది. ఈ మూల్యాంకనంలో ఏమి పరీక్షిస్తారు, అభ్యర్థి ఏ విధంగా సన్నద్ధం కావాలి, చట్టం ఏమి నిర్దేశిస్తున్నది అన్న అంశాలను అధికారులు, పాత్రికేయుల ఉపయోగార్థం ఈ వ్యాసంలో క్రోడీకరించడమైనది.

నిర్మాణ స్థలంలో సంభవించే మరణాలలో అధిక భాగం కొన్ని తెలిసిన కారణాల వల్లనే జరుగుతున్నాయి. ఎత్తు నుంచి పడిపోవడం, మట్టిపెళ్లలు విరిగిపడడం, విద్యుదాఘాతం, పైనుంచి వస్తువులు పడడం, వాహనాలు, యంత్రాలు ఢీకొనడం వీటిలో ముఖ్యమైనవి. వీటిలో ఏదీ అంతుచిక్కనిది కాదు. ప్రతిదానికీ నివారణ మార్గం నియమావళిలో లిఖితపూర్వకంగా ఉన్నది. ఆ నియమం పుస్తకంలోనే ఉండిపోతుందా, లేక పరంజా మీద నిలబడిన కూలీ వరకు చేరుతుందా అన్నది స్థల నిర్వాహకుని మీద ఆధారపడి ఉంటుంది. మూల్యాంకనంలో ప్రధానంగా పరీక్షించేది దీనినే.

చట్టపరమైన పునాది

నిర్మాణ కార్మికుల భద్రతకు సంబంధించి దేశంలో దీర్ఘకాలం అమలులో ఉన్న ప్రధాన శాసనం 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం. దీనికి అనుబంధంగా 1998లో కేంద్ర నిబంధనలు వెలువడినాయి. అనంతరం వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ - 2020 రూపొందింది. ఈ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి రావడంతో 1996 చట్టం సహా 13 కేంద్ర చట్టాలు ఇందులో విలీనమైనాయి. కొత్త నిబంధనలు అమలులోకి వచ్చేంతవరకు, కోడ్‌కు విరుద్ధం కానంత మేరకు పాత నిబంధనలు కొనసాగే విధంగా పరివర్తన ఏర్పాటు ఉన్నది.

ఈ మార్పు అభ్యర్థులకు అత్యంత ముఖ్యమైనది. పాత అభ్యాస పుస్తకాలలో భద్రతాధికారి నియామకానికి 500 మంది కార్మికుల పరిమితి కనిపిస్తుంది. కోడ్‌లోని 22వ సెక్షన్ ప్రకారం నిర్మాణ పనులలో 250 మంది లేదా అంతకు మించి కార్మికులు ఉన్నచోట భద్రతాధికారిని నియమించవలసి ఉంటుంది. పాత ప్రశ్నపత్రాలను కంఠస్థం చేసిన అభ్యర్థి ఇక్కడే పొరబడే అవకాశం ఉన్నది. అందువల్ల చదువుతున్న ప్రతి అంశం ఏ శాసనం నుంచి, ఏ సంవత్సరం నాటి ప్రతి నుంచి వచ్చినదో సరిచూసుకోవడం అవసరం.

ప్రమాదం వల్ల మరణం సంభవించినా, లేక గాయపడిన కార్మికుడు 48 గంటలు లేదా అంతకు మించి పనిచేయలేని స్థితి ఏర్పడినా సంబంధిత అధికారులకు తెలియజేయడం తప్పనిసరి. విధి నిర్వహణలో వైఫల్యం కారణంగా మరణం సంభవించినట్లయితే రెండేళ్ల వరకు జైలు శిక్ష, లేదా 5 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ విధించే వీలును కోడ్ కల్పిస్తున్నది. జరిమానాలో కనీసం 50 శాతాన్ని బాధితునికి లేదా వారి వారసులకు పరిహారంగా ఇవ్వాలని న్యాయస్థానం ఆదేశించవచ్చు.

తీవ్రమైన ప్రాణాపాయం పొంచి ఉన్నదని సహేతుకంగా భావించిన కార్మికుడు ఆ విషయాన్ని యాజమాన్యం దృష్టికి తీసుకురావడం కోడ్ గుర్తించిన హక్కు. ‘కార్మికుడు పని చేయడానికి వెనుకాడితే నిర్వాహకుడు ఏమి చేయాలి?’ అన్న ప్రశ్నకు ఈ హక్కు ఆధారంగా సమాధానం ఇవ్వవలసి ఉంటుంది. ముందుగా పని నిలిపివేసి, స్థలాన్ని పరిశీలించి, లోపాన్ని సవరించి, ఆ తరువాతనే పని పునఃప్రారంభించడం సరైన క్రమం.

మూల్యాంకనం స్వరూపం

శిక్షణ ఇచ్చే సంస్థను బట్టి మూల్యాంకనం తీరు మారుతుంది. అయినప్పటికీ సాధారణంగా మూడు భాగాలు కనిపిస్తాయి. మొదటిది బహుళైచ్ఛిక ప్రశ్నలతో కూడిన రాతపరీక్ష. రెండవది ఒక నిర్మాణ స్థలాన్ని వర్ణించి, అందులోని ప్రమాదకారకాలను గుర్తించి చర్యలు సూచించమని కోరే సన్నివేశ ప్రశ్న. మూడవది స్థలంలో తిరిగి తనిఖీ నివేదిక రాయించడం లేదా కార్మికులకు భద్రతా సూచనలు ఇప్పించడం.

విదేశాలలో ఉద్యోగాలు ఆశించే తెలుగు ఇంజినీర్లు, డిప్లొమా హోల్డర్లలో పలువురు బ్రిటన్‌కు చెందిన ‘నెబోష్’ పరీక్షలకు హాజరవుతున్నారు. ఆ సంస్థ 2020 నుంచి సాధారణ సర్టిఫికెట్ పరీక్షలో పుస్తకం చూసి రాసే విధానాన్ని ప్రవేశపెట్టింది. అందులో ఒక పని స్థలాన్ని వర్ణించి, దాని ఆధారంగా ప్రశ్నలు అడుగుతారు. దీనితో పాటు అభ్యర్థి ఒక వాస్తవ పని స్థలంలో ప్రమాద అంచనా జరిపి నివేదిక సమర్పించాలి. పుస్తకం ఎదుట ఉన్నా, స్థలాన్ని చూసే దృష్టి లేని అభ్యర్థి ఇటువంటి పరీక్షలో రాణించలేడన్నది గమనార్హం.

దేశంలో 1966 మార్చి 4న ఏర్పడిన జాతీయ భద్రతా మండలి, హైదరాబాదులో 1998లో నెలకొల్పిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ (న్యాక్) వంటి సంస్థలు ఈ రంగంలో శిక్షణకు తోడ్పడుతున్నాయి. జాతీయ భద్రతా మండలి ఆవిర్భావ దినమే ఏటా జాతీయ భద్రతా దినోత్సవంగా పాటించబడుతున్నది.

ప్రమాద అంచనా: అభ్యర్థి ముందుగా నేర్వవలసిన అంశం

ప్రమాదకారకం, ప్రమాద స్థాయి అన్న రెండు భావనల మధ్య భేదాన్ని స్పష్టంగా గ్రహించడం సన్నద్ధతలో తొలి మెట్టు. లిఫ్టు కోసం వదిలిన ఖాళీ గుంత ప్రమాదకారకం. దానిలో ఎవరైనా పడే అవకాశం ఎంత, పడితే కలిగే హాని ఎంత అన్న రెండింటి కలయిక ప్రమాద స్థాయి.

ఉదాహరణకు ఐదేసి మార్కుల పట్టికలో, ఎనిమిదో అంతస్తులో అడ్డు లేని లిఫ్టు గుంతలో పడే అవకాశానికి 4, హాని తీవ్రతకు 5 వేస్తే ప్రమాద స్థాయి 20 అవుతుంది. గుంత చుట్టూ దృఢమైన కటకటాలు అమర్చి, తలుపుకు తాళం వేసినప్పుడు అవకాశం 1కి తగ్గి ప్రమాద స్థాయి 5 అవుతుంది. ఇక్కడ తీవ్రత మాత్రం 5గానే ఉంటుంది. ఎనిమిదో అంతస్తు నుంచి పడిన మనిషికి కలిగే హాని కటకటాల వల్ల తగ్గదు. రెండు అంకెలనూ తగ్గించి రాయడం అభ్యర్థులు తరచూ చేసే పొరపాటు.

నివారణ చర్యలను ఎంపిక చేసేటప్పుడు ఒక వరుసక్రమం పాటించాలి. మొదట ప్రమాదకారకాన్ని పూర్తిగా తొలగించగలమేమో చూడాలి. సాధ్యం కాకపోతే తక్కువ ప్రమాదమున్న పద్ధతిని చేపట్టాలి. ఆ తరువాత కటకటాలు, వలలు, షోరింగ్ వంటి ఇంజినీరింగ్ ఏర్పాట్లు, అనంతరం అనుమతి పత్రాలు, శిక్షణ, హెచ్చరిక బోర్డులు వస్తాయి. హెల్మెట్, బెల్టు, బూట్లు చివరి అంచె రక్షణ మాత్రమే. ప్రతి ప్రశ్నకూ ‘హెల్మెట్, బెల్టు ఇవ్వాలి’ అని సమాధానం రాసే అభ్యర్థి ఈ వరుసను తలకిందులు చేసినట్లే అవుతుంది.

ఎత్తులో పని

పరంజాలు, నిచ్చెనలు, స్లాబు అంచులు, సెంట్రింగ్ పనుల గురించి ప్రశ్నలు తప్పక వస్తాయి. కేంద్ర ప్రజాపనుల శాఖ కాంట్రాక్టు షరతులలోని భద్రతా నియమావళి ఈ విషయంలో సులభంగా గుర్తుండే కొలతలను ఇస్తున్నది. నేల నుంచి 3.6 మీటర్లకు మించిన ఎత్తులో ఉన్న పరంజాకు వేదిక మట్టం నుంచి కనీసం 90 సెంటీమీటర్ల ఎత్తున రక్షణ కటకటాలు ఉండాలి. అంతస్తులోని ప్రతి ఖాళీకి అదే ఎత్తుకు తగ్గకుండా కంచె ఏర్పాటు చేయాలి. నిచ్చెనను నిలువున నాలుగు పాళ్లకు అడ్డంగా ఒక పాలు చొప్పున వాల్చి నిలపాలి. అనగా 4 మీటర్ల ఎత్తును అందుకోవడానికి నిచ్చెన మొదలు గోడ నుంచి 1 మీటరు దూరంలో ఉండాలి. ఒంటి నిచ్చెన పొడవు 9 మీటర్లకు మించరాదు.

భారతీయ ప్రమాణాలలో పరంజాలు, నిచ్చెనలకు ఐ.ఎస్. 3696, హెల్మెట్లకు ఐ.ఎస్. 2925, బెల్టులు, హార్నెస్‌లకు ఐ.ఎస్. 3521 వర్తిస్తాయి. జాతీయ భవన నిర్మాణ స్మృతి - 2016లోని 7వ భాగం నిర్మాణ నిర్వహణ, పద్ధతులు, భద్రతలను వివరిస్తుంది.

బెల్టు ధరించినంత మాత్రాన రక్షణ పూర్తి కాదు. దాని కొక్కేన్ని ఎక్కడ తగిలించారన్నది ముఖ్యం. పాదాల మట్టంలో తగిలించినట్లయితే మనిషి తాడు పొడవుకు మించిన దూరం పడిన తరువాతనే ఆగుతాడు. ఈలోగా కింది అంతస్తు తగలవచ్చు. కనుక కొక్కేన్ని సాధ్యమైనంతవరకు తలకు పైన ఉన్న దృఢమైన ఆధారానికి తగిలించాలి. పడి వేలాడుతున్న వ్యక్తిని వెంటనే దింపే ఏర్పాటు కూడా ముందే ఉండాలి. హార్నెస్‌లో కదలిక లేకుండా ఎక్కువసేపు వేలాడడం ప్రాణాంతకం కాగలదు.

తవ్వకాలు

సెల్లార్లు, పునాదులు, పైపులైన్ల కోసం తవ్వే గోతులు మరొక ప్రధానాంశం. ఒక ఘనపు మీటరు మట్టి బరువు ఒకటిన్నర టన్నులకు పైగానే ఉంటుంది. ఛాతీ వరకు మట్టిలో కూరుకుపోయిన వ్యక్తి తల పైకే ఉన్నప్పటికీ శ్వాస తీసుకోలేక మరణించవచ్చు.

పై నియమావళి ప్రకారం 1.5 మీటర్లు లేదా అంతకు మించిన లోతు గల గోతుల పక్కలను వాలుగా లేదా మెట్లుగా కోయాలి, లేదా దన్నులు అమర్చి నిలపాలి. 1.2 మీటర్లు దాటిన గోతులలో ప్రతి 30 మీటర్ల పొడవుకు కనీసం ఒక నిచ్చెన ఉండాలి. అది గోతి అడుగు నుంచి నేల మట్టానికి 90 సెంటీమీటర్లు పైవరకు రావాలి. తవ్విన మట్టిని అంచు నుంచి 1.5 మీటర్లు లేదా లోతులో సగం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి. దీని ప్రకారం 2 మీటర్ల లోతు గోతికి ఈ దూరం 1.5 మీటర్లు, 4 మీటర్ల లోతు గోతికి 2 మీటర్లు అవుతుంది. తవ్వకాల భద్రతకు ఐ.ఎస్. 3764 ప్రత్యేక ప్రమాణం.

హైదరాబాదు వంటి నగరాలలో పక్క భవనాన్ని ఆనుకొని లోతైన సెల్లార్లు తవ్వడం సర్వసాధారణం. వర్షాకాలంలో మట్టి నాని పట్టు కోల్పోతుంది. అందువల్ల వాన వెలిసిన తరువాత కార్మికులను గోతిలోకి దింపేముందు పక్కలను, దన్నులను, పొరుగు గోడలను తిరిగి పరిశీలించాలి. ‘నిన్న బాగానే ఉన్నది’ అన్నది తనిఖీకి ప్రత్యామ్నాయం కాజాలదు.

విద్యుత్తు, యంత్రాలు, మూసివున్న ప్రదేశాలు

తాత్కాలిక విద్యుత్ కనెక్షన్లలో అతుకులు వేసిన తీగలు, నీటిలో నానుతున్న కేబుళ్లు, ప్లగ్గు లేకుండా నేరుగా సాకెట్టులో గుచ్చిన తీగలు తనిఖీలో తరచూ కనిపించే లోపాలు. చేతితో పట్టుకొని వాడే పరికరాలకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి విద్యుత్తును నిలిపివేసే రక్షణ సాధనం, సరైన ఎర్తింగ్ ఉండాలి. మరమ్మతుకు ముందు స్విచ్చి ఆపి, తాళం వేసి, చీటీ కట్టే పద్ధతిని అభ్యర్థి వివరించగలగాలి. ఆ తాళంచెవి పని చేస్తున్న వ్యక్తి వద్దనే ఉండాలి.

క్రేన్ల విషయంలో సమర్థుడైన వ్యక్తి ఇచ్చిన పరీక్షా ధ్రువపత్రం, ఎత్తగల బరువు పట్టిక, శిక్షణ పొందిన ఆపరేటరు, సైగలు చేసే వ్యక్తి, గట్టి నేల అన్న ఐదింటినీ సరిచూడాలి. ఎత్తిన బరువు కింద ఎవరూ ఉండకుండా ఆ ప్రాంతాన్ని వేరుచేయాలి. వాహనాలకు, పాదచారులకు వేర్వేరు దారులు ఉండాలి.

మ్యాన్‌హోళ్లు, సంపులు, ట్యాంకుల విషయంలో ప్రవేశానికి ముందే గాలిని పరీక్షించాలి. సాధారణ గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం ఉంటుంది. అది 19.5 శాతం కంటే తగ్గితే లోపభూయిష్టంగా పరిగణిస్తారు. లోపల స్పృహ తప్పిన వ్యక్తిని కాపాడబోయి, శ్వాస పరికరం లేకుండా దిగిన వారు ఒకరి తరువాత ఒకరు మరణించిన ఉదంతాలు అనేకం ఉన్నాయి. ‘ముందుగా ఏమి చేస్తారు?’ అన్న ప్రశ్నకు ‘వెంటనే లోపలికి దిగుతాను’ అన్న సమాధానం సాహసంగా కనిపించినా, మూల్యాంకనంలో అది ఘోరమైన తప్పుగా లెక్కించబడుతుంది.

అత్యవసర సన్నద్ధత

ఉత్తరాఖండ్‌లోని సిల్‌క్యారా సొరంగంలో 2023 నవంబరు 12న చిక్కుకున్న 41 మంది కార్మికులు అదే నెల 28న క్షేమంగా బయటపడినారు. అప్పటికే శిథిలాల గుండా ఉన్న గొట్టం ద్వారా గాలి, ఆహారం అందించగలగడం వారి ప్రాణరక్షణకు తోడ్పడింది. నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట సమీపంలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి 8 మంది ఇంజినీర్లు, కార్మికులు చిక్కుకుపోగా, విస్తృత సహాయక చర్యలు చేపట్టినప్పటికీ వారిలో ఎవరినీ సజీవంగా వెలికితీయడం సాధ్యపడలేదు.

రెండు ఘటనల పరిస్థితులు వేరైనప్పటికీ, ప్రమాదం జరిగిన మొదటి గంటలో నిర్వాహకుడు చెప్పగలగవలసినవి మాత్రం ఒకటే. లోపల ఎంతమంది ఉన్నారు, వారి పేర్లేమిటి, చివరిసారి ఎక్కడ పనిచేస్తున్నారు, వారితో మాట్లాడే మార్గం ఏది, సమీప ఆసుపత్రి ఎంత దూరం. ఈ సమాచారం ఆ రోజు ఉదయం హాజరు పట్టీ సరిగా నింపినప్పుడే లభిస్తుంది. అందువల్ల హాజరు, సమావేశ స్థలం, ప్రథమ చికిత్స, అంబులెన్సు దారి, మాక్ డ్రిల్లుల గురించి అడిగే ప్రశ్నలను అభ్యర్థులు చిన్నచూపు చూడరాదు.

కార్మికునికి అర్థమయ్యే భాష

పాలమూరు, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి తరతరాలుగా వలస వస్తున్న కూలీలతో పాటు నేడు ఒడిశా, బీహార్, ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్ తదితర రాష్ట్రాల కార్మికులు తెలుగు రాష్ట్రాల నిర్మాణ స్థలాలలో పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. ఇంగ్లీషులో రాసిన హెచ్చరిక బోర్డు, తెలుగులో చేసిన ప్రసంగం వీరిలో పలువురికి చేరవు. పని ప్రారంభానికి ముందు జరిపే పది నిమిషాల భద్రతా సమావేశంలో ఆనాటి పని, అందులోని ప్రమాదం, తీసుకోవలసిన జాగ్రత్త అన్న మూడు విషయాలను కార్మికుల భాషలో చెప్పాలి.

‘అర్థమైందా?’ అని అడిగితే తల ఊపడం సహజం. ‘ఇప్పుడు ఏమి చేస్తావో చెప్పు’ అని అడిగినప్పుడే అర్థమైనదీ లేనిదీ తెలుస్తుంది. హాజరు సంతకాలు సేకరించడాన్ని శిక్షణ ఇచ్చినట్లుగా భావించరాదన్న అంశం మీద ప్రయోగాత్మక పరీక్షలో ప్రత్యేక దృష్టి ఉంటుంది. మేస్త్రీలను ఈ ప్రక్రియలో భాగస్వాములను చేయడం అత్యవసరం. కూలీ మొదట వినేది మేస్త్రీ మాటనే.

సన్నద్ధతకు ఒక క్రమం

నాలుగు వారాల వ్యవధి ఉన్న అభ్యర్థి మొదటి వారాన్ని చట్టం, నిబంధనలు, బాధ్యతల అధ్యయనానికి కేటాయించవచ్చు. రెండవ వారంలో ఎత్తులో పని, తవ్వకాలు, విద్యుత్తు, యంత్రాల కొలతలను పట్టికగా రాసుకొని, ప్రతి కొలతనూ తాను పనిచేసే స్థలంలో టేపుతో సరిచూడాలి. కొలిచి చూసిన 90 సెంటీమీటర్లు కంఠస్థం చేసిన 90 సెంటీమీటర్ల కంటే ఎక్కువకాలం గుర్తుంటాయి.

మూడవ వారంలో రోజుకొక పనికి ప్రమాద అంచనా రాసి, దానిని అనుభవజ్ఞుడైన భద్రతాధికారికి చూపాలి. ‘జాగ్రత్తగా ఉండాలి’ వంటి సాధారణ వాక్యాలకు బదులు ఏ చర్య, ఎవరి బాధ్యత, ఎప్పటిలోగా అన్న వివరాలు ఉండాలి. నాలుగవ వారంలో గడువు పెట్టుకొని నమూనా ప్రశ్నపత్రాలు రాయడం, కార్మికుల ఎదుట భద్రతా సూచనలు ఇవ్వడం అభ్యసించాలి. తప్పు రాసిన ప్రతి ప్రశ్నకూ కారణం గుర్తించాలి. నియమం తెలియక తప్పిందా, ప్రశ్న సరిగా చదవక తప్పిందా అన్నది వేరుచేసి చూసుకుంటే చివరి రోజుల పఠనం సులభమవుతుంది.

పరిశీలనకు ఉపయుక్తమైన ప్రశ్నలు

నిర్మాణ స్థలాన్ని తనిఖీ చేసే అధికారులు, ప్రమాద వార్తలను సేకరించే పాత్రికేయులు సైతం ఇవే ప్రమాణాలను ఉపయోగించవచ్చు. ఆ పనికి ప్రమాద అంచనా లిఖితపూర్వకంగా ఉన్నదా? దానిని ఎవరు, ఎప్పుడు సమీక్షించారు? ప్రమాదం జరిగిన రోజు ఉదయం భద్రతా సమావేశం జరిగిందా? అది ఏ భాషలో జరిగింది? నిబంధనల మేరకు భద్రతాధికారి ఉన్నారా? ఇదివరకు కార్మికులు లోపాన్ని తెలియజేసి ఉంటే దానిపై తీసుకున్న చర్య ఏమిటి? ‘కార్మికుని అజాగ్రత్త వల్ల ప్రమాదం’ అన్న ప్రాథమిక వివరణతో విచారణ ముగియకుండా ఈ ప్రశ్నలు తోడ్పడతాయి.

శిక్షణ ధ్రువపత్రం నిర్వాహకుని అర్హతను తెలియజేస్తుంది. ఆ అర్హత ప్రతి ఉదయం పరంజా ఎక్కేముందు, గోతిలోకి దిగేముందు, స్విచ్చి వేసేముందు తిరిగి రుజువు కావలసి ఉంటుంది. పనికి వచ్చిన ప్రతి కార్మికుడు సాయంత్రం క్షేమంగా ఇంటికి చేరడమే ఈ శిక్షణ, మూల్యాంకనాల పరమార్థం.